ఎందుకు? ఎలా? — ముల్లూ, అరటాకూ

పిల్లలూ,

ఈ నెల నాకు వచ్చిన ఉత్తరాలలో పుంగనూరు నుంచి ఒక చిన్నమ్మాయి రాసిన ఉత్తరం ఉన్నది. ఆరో తరగతి చదువుతున్నదట. ఉత్తరం చిన్నదే గాని, అందులోని ప్రశ్న మాత్రం చిన్నది కాదు. ముందుగా ఆ ఉత్తరం చదవండి:

"మేము బడికి పోయే దోవలో, గుద్దుకున్న బండ్లను తెచ్చి రోడ్డు పక్కన నిలిపి ఉన్నారు. ఒక లారీ, రెండు కార్లు. లారీకి ముందు బంపరు కొంచెం వంగింది, ఒక లైటు పగిలింది, అంతే. దానికి ఎదురుగా వచ్చి గుద్దుకున్న కారు మాత్రం ముందు సగమంతా మడతలు పడిపోయింది. రెండో కారు ఇంకా వింతగా ఉంది. దాని ముందు బంపరు బాగానే ఉంది. నంబరు పలక కూడా వంగలేదు. కాని ముందు అద్దమూ, పైకప్పూ వెనక్కి లేచిపోయాయి. మా అన్న 'కారుదే తప్పు, అందుకే అంత నుజ్జయింది' అన్నాడు. మా నాయన 'కాదు, లారీదే తప్పు. పెద్ద బండి వాడే చూసుకొని పోవాలి' అన్నాడు. ఎవరి మాట నిజం? బండ్లను చూసి తప్పెవరిదో చెప్పవచ్చునా?"

భేషైన ప్రశ్న! చూసినదాన్ని ఉన్నదున్నట్టు రాసింది. నంబరు పలక వంగలేదన్న సంగతి కూడా గమనించింది. ఆ చిన్న సంగతిలోనే సగం జవాబు దాగి ఉన్నది. ఎలాగో చివరకు మీకే తెలుస్తుంది.

మన పెద్దలు ఒక సామెత చెబుతారు. ముల్లు వచ్చి అరటాకు మీద పడ్డా, అరటాకు వచ్చి ముల్లు మీద పడ్డా, చిరిగేది అరటాకే. ఈ సామెతను గుర్తు పెట్టుకొని, కారు ఎందుకు నుజ్జవుతుందో, లారీ ఎందుకు కాదో చూద్దాము. దీనికి మూడు కారణాలున్నాయి: బరువు, గట్టితనం, ఎత్తు.

మొదటిది: బరువు

మీ ఊళ్లను కలిపే రోడ్డునే తీసుకుందాము. అనంతపురం వైపు నుంచి వచ్చే 42వ జాతీయ రహదారి మదనపల్లె, పుంగనూరు, పలమనేరు, కుప్పం మీదుగా తమిళనాడులోని కృష్ణగిరికి పోతుంది. మదనపల్లె మార్కెట్టులో టమోటాలు ఎక్కించుకొని ఒక లారీ బయలుదేరింది. ఒట్టి లారీ బరువు 6 టన్నులు అనుకుందాము. పెట్టెకు 25 కిలోల చొప్పున 360 పెట్టెల టమోటాలు. అంటే 9,000 కిలోలు. మొత్తం కలిపితే 15 టన్నులు. ఎదురుగా ఒక చిన్న కారు వస్తున్నది. లోపలి మనుషులతో సహా దాని బరువు 1 టన్ను.

టన్నులు అంటే మనకు చప్పున అందవు. కనుక మరో విధంగా చూద్దాము. పుంగనూరు ఆవును మీరు చూసే ఉంటారు. ప్రపంచంలోని పొట్టి ఆవు జాతులలో అది ఒకటి. దాని ఎత్తు 70 నుంచి 90 సెంటీమీటర్లు, బరువు 115 నుంచి 200 కిలోల వరకు ఉంటుంది. ఆవు ఒక్కింటికి 150 కిలోలు అనుకుంటే, మన కారు దాదాపు ఏడు ఆవుల బరువు. లారీ నూరు ఆవుల బరువు! నూరు ఆవుల మంద పరుగున వచ్చి, ఎదురుగా పరుగెత్తుకొచ్చే ఏడు ఆవుల మందను తాకితే ఏమవుతుందో ఊహించండి.

కుప్పం వైపు నుంచి గ్రానైటు దిమ్మెలు మోసుకుపోయే లారీలనైతే చెప్పనే అక్కరలేదు. ఘనమీటరు గ్రానైటు బరువు దాదాపు 2,700 కిలోలు. 2 మీటర్ల పొడవు, ఒకటిన్నర మీటరు వెడల్పు, 1 మీటరు ఎత్తు ఉన్న ఒక్క దిమ్మె 8 టన్నులు దాటుతుంది. అంటే ఎనిమిది కార్లు ఒకే రాయిలో ఉన్నాయన్నమాట.

ఇప్పుడు మన లారీ, కారు ఒక్కొక్కటి గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వచ్చి ఎదురెదురుగా ఢీకొన్నాయి అనుకోండి. ఏది దేనిని ఎక్కువ బలంతో నెట్టింది? "లారీయే!" అని మీరంతా ఒక్కసారిగా అంటారు. కాని అది తప్పు. 1687లో అచ్చయిన తన గ్రంథంలో న్యూటను చెప్పిన సూత్రం ప్రకారం, లారీ కారును ఎంత బలంతో నెట్టుతుందో, కారు కూడా లారీని సరిగ్గా అంతే బలంతో నెట్టుతుంది. వీసమెత్తు ఎక్కువ లేదు, వీసమెత్తు తక్కువ లేదు.

మరి తేడా ఎక్కడ వచ్చింది? ఆ బలం ఒక టన్ను మీద పనిచేసినప్పుడు ఒక విధంగానూ, పదిహేను టన్నుల మీద పనిచేసినప్పుడు మరొక విధంగానూ ఉంటుంది. లెక్క వేసి చూద్దాము. వస్తువు బరువును దాని వేగంతో హెచ్చవేస్తే వచ్చేదానిని ద్రవ్యవేగం అంటారు. లారీకి 15 × 60 = 900. కారుకు 1 × 60 = 60. కాని అది ఎదురు దిక్కు కనుక తీసివెయ్యాలి. మిగిలింది 840. ఢీకొన్న తరువాత రెండూ అతుక్కొని ఒకటిగా కదిలితే, మొత్తం బరువు 16 టన్నులు. 840ని 16తో భాగిస్తే 52.5.

అంటే ఏమిటి? ఢీకొన్న మరుక్షణం లారీ గంటకు 52.5 కిలోమీటర్ల వేగంతో తన దారినే పోతున్నది. దాని వేగం తగ్గింది 7.5 మాత్రమే. పాపం, కారు సంగతి చూడండి. అది ముందుకు 60తో పోతూ పోతూ, కన్నుమూసి తెరిచేలోగా వెనక్కి 52.5తో పోవలసి వచ్చింది. దాని వేగంలో మార్పు 112.5! లారీకి కలిగిన మార్పుకు సరిగ్గా పదిహేను రెట్లు. ఎందుకంటే బరువులో లారీ పదిహేను రెట్లు.

లోపల కూర్చున్న మనుషులకు తగిలేది ఈ మార్పే. గంటకు 7.5 కిలోమీటర్ల మార్పు అంటే సడన్ బ్రేకు వేసినట్టు ఉంటుంది. 112.5 కిలోమీటర్ల మార్పు అంటే 50 మీటర్ల ఎత్తు నుంచి నేల మీద పడినంత.

దీనిని మీరే చేసి చూడవచ్చు. ఒక చిన్న గోలీ, ఒక పెద్ద గోలీ తీసుకోండి. నున్నటి నేల మీద ఎదురెదురుగా ఒకే వేగంతో దొర్లించండి. పెద్ద గోలీ కొంచెం నెమ్మదిస్తుంది, అంతే. చిన్న గోలీ మాత్రం వచ్చిన దారినే వెనక్కి పరుగెత్తుతుంది.

రెండవది: గట్టితనం

బలం రెండింటి మీదా సమానమే అన్నాము గదా. మరి సొట్టలు కూడా సమానంగా పడాలి గదా? పడవు. ఒకే బలంతో పిడికిలి బిగించి గోడనూ గుద్దండి, దిండునూ గుద్దండి. సొట్ట దిండుకే పడుతుంది. గోడకు పడదు. గోడను మరీ గట్టిగా గుద్దకండి!

లారీకి వెన్నెముకలా రెండు పొడవైన ఉక్కు దూలాలు ఉంటాయి. దానినే ఛాసీ అంటారు. టన్నుల కొద్దీ సరుకు మొయ్యడానికి చేసినది కనుక అది సులభంగా వంగదు. కారు ముందు భాగం అలా కాదు. అది మెత్తగా మడతలు పడేటట్టు కావాలనే తయారు చేస్తారు.

"ఇదేమిటి? కారును గట్టిగా చెయ్యవచ్చు గదా?" అని మీరు అడగవచ్చు. పూర్వం అలాగే అనుకునేవారు. కాని మెర్సిడెస్ బెంజ్ కంపెనీలో పనిచేసిన బేలా బారెన్యీ అనే ఇంజనీరు 1951లో వేరే విధంగా ఆలోచించాడు. మనుషులు కూర్చునే గది మాత్రం గట్టిగా ఉండాలి, దాని ముందూ వెనకా ఉన్న భాగాలు మెత్తగా నలిగిపోవాలి అన్నాడు. ఆ పద్ధతిలో తయారైన కారు 1959లో బయటికి వచ్చింది. ఇప్పుడు అన్ని కార్లకూ అదే సూత్రం.

దీని కిటుకు మీకు క్రికెట్టు ఆటలో తెలిసినదే. వేగంగా వచ్చే బంతిని పట్టేటప్పుడు చేతులను వెనక్కి లాక్కుంటాము. బంతి ఆగడానికి ఎక్కువ దూరం ఇస్తాము. అప్పుడు అరచెయ్యి మండదు. కారు ముందు భాగం మడతలు పడటం అంటే, చేతులు వెనక్కి లాక్కోవటమే. బానెట్టు నలిగిపోయి లోపలి మనిషిని కాపాడింది అంటే, అది ఓడిపోయినట్టు కాదు. తన పని తాను చేసినట్టు.

అయితే ఒక చిక్కు ఉన్నది. ఈ మడతలకు ఒక హద్దు ఉంటుంది. మన దేశంలో 2023 అక్టోబరు 1 నుంచి 'భారత్ ఎన్‌క్యాప్' అనే పరీక్ష అమలులోకి వచ్చింది. అందులో కారును గంటకు 64 కిలోమీటర్ల వేగంతో ఒక అడ్డుకు గుద్దించి, నక్షత్రాలు ఇస్తారు. ఐదు నక్షత్రాలు వస్తే మంచి కారు. కాని ఆ అడ్డు తేనెపట్టు గదుల్లాంటి మెత్తని లోహంతో చేసినది. ఇంచుమించు అంతే బరువున్న మరొక కారును గుద్దినట్టుగా అది నలుగుతుంది. పదిహేను టన్నుల లారీకి ఎదురు పోవడానికి ఏ కారుకూ ఎవరూ నక్షత్రాలు ఇవ్వలేదు. కారు కొనే పెద్దలు ఈ మాట గుర్తుంచుకోవాలి.

మూడవది: ఎత్తు

ఇప్పుడు నంబరు పలక వంగని కారు దగ్గరికి వద్దాము.

కారు ముందు భాగంలో మెత్తగా నలిగే దూలాలు మీ మోకాలి ఎత్తుకు కొంచెం అటూ ఇటూగా ఉంటాయి. లారీ వెనక వైపు చూడండి. సరుకు పెట్టే నేల మీ ఛాతీ ఎత్తున ఉంటుంది. దాని కింద ఖాళీ. కారు వేగంగా వచ్చి లారీని వెనక నుంచి గుద్దితే, బంపరుకు తగలడానికి అక్కడ ఏమీ లేదు. బానెట్టు లారీ కిందికి దూరిపోతుంది. మొట్టమొదట తగిలేది ముందు అద్దానికీ, పైకప్పుకూ! మడతలు పడవలసిన భాగం చెక్కు చెదరకుండా ఉంటుంది. కాపాడవలసిన గది చీరుకుపోతుంది. ఎంత విపరీతమో చూడండి.

కనుక బంపరు బాగుండి పైకప్పు లేచిపోయిన కారును చూస్తే, తెలిసినవారు వెంటనే "ఇది లారీ కిందికి దూరింది" అంటారు. పుంగనూరు అమ్మాయి చూసిన రెండో కారు కథ ఇదే అయి ఉండాలి.

1967 జూన్ 29న అమెరికాలోని లూసియానా రాష్ట్రంలో ఇలాంటి ప్రమాదమే జరిగింది. జేన్ మాన్స్‌ఫీల్డ్ అనే సినిమా నటి రాత్రి వేళ ప్రయాణం చేస్తున్న కారు ఒక పెద్ద లారీ వెనక భాగం కిందికి దూరిపోయింది. ముందు సీటులో ఉన్న ముగ్గురు పెద్దలూ చనిపోయారు. వెనక సీటులో నిద్రపోతున్న ఆమె ముగ్గురు పిల్లలు ప్రాణాలతో బయటపడ్డారు. లారీల వెనక కిందుగా కట్టే అడ్డు కడ్డీకి అక్కడి జనం ఆమె పేరే పెట్టుకున్నారు. మన దేశంలో కూడా లారీల వెనకా, పక్కలా ఇలాంటి అడ్డు కడ్డీలు ఉండాలనీ, చీకట్లో మెరిసే పట్టీలు అంటించాలనీ మోటారు వాహనాల నిబంధనలు చెబుతున్నాయి. ఈసారి ఆగి ఉన్న లారీని చూసినప్పుడు, దూరంగా నిలబడే గమనించండి. ఆ కడ్డీ ఉన్నదా? తిన్నగా ఉన్నదా, వంగిపోయి ఉన్నదా? పట్టీలు మెరుస్తున్నాయా, దుమ్ము పట్టి ఉన్నాయా?

సొట్టను చదవడం

బండికి పడిన సొట్టను చూసి వేగం చెప్పవచ్చునన్న ఆలోచన మోటార్లు పుట్టకముందే పుట్టింది. సుమారు 300 ఏళ్ల కిందట హాలెండు దేశంలో గ్రావెసాండ్ అనే శాస్త్రజ్ఞుడు ఉండేవాడు. ఆయన ఇత్తడి గుండ్లను వేరువేరు ఎత్తుల నుంచి మెత్తని బంకమట్టి మీదికి జారవిడిచాడు. గుండు వేగం రెండింతలైతే గుంట కూడా రెండింతలవుతుందని చాలామంది అనుకునేవారు. కాని గుంట నాలుగింతలైంది! వేగం మూడింతలైతే తొమ్మిదింతలైంది. ఫ్రాన్సు దేశపు విదుషీమణి ఎమిలీ ద్యు షాత్లె ఈ సంగతి ప్రాముఖ్యాన్ని గుర్తించి, 1740లో తన పుస్తకంలో దీనిని వివరించింది. న్యూటను గ్రంథాన్ని ఫ్రెంచి భాషలోకి తెచ్చినది కూడా ఆమే. కదిలే వస్తువులో ఉండే ఈ శక్తిని నేడు గతిశక్తి అంటాము.

మీరు కూడా ఒక గోలీని మట్టిముద్ద మీదికో, చపాతీ పిండి మీదికో ఒక అడుగు ఎత్తు నుంచీ, నాలుగు అడుగుల ఎత్తు నుంచీ వదిలి చూడండి. నాలుగు అడుగుల నుంచి పడిన గోలీ వేగం రెండింతలే. గుంట సంగతి మీరే కొలవండి. పిండి వాడేటట్టయితే ముందు అమ్మను అడగండి!

కారు సొట్ట కూడా బంకమట్టిలో గుంట వంటిదే. నిపుణులు నలిగిన ముందు భాగాన్ని అడ్డంగా సమాన భాగాలు చేసి, సాధారణంగా ఆరు చోట్ల లోతు కొలుస్తారు. ఆ జాతి కారు ఎంత బలానికి ఎంత నలుగుతుందో పరీక్షల వల్ల ముందే తెలుసు. దానిని బట్టి ఎంత శక్తి ఖర్చయిందో, ఎంత వేగంతో తగిలిందో లెక్క కడతారు.

మన దేశంలో ప్రమాదానికి గురైన బండిని పరీక్షించే అధికారం గురించి 1988 నాటి మోటారు వాహనాల చట్టంలోని 136వ సెక్షను చెబుతున్నది. మామూలుగా ఈ పని మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరు చేస్తాడు. ప్రమాదాలను శోధించేవారు ఏమేమి చూస్తారో వినండి.

మొదట రోడ్డు. గుద్దుకున్న క్షణాన బండి అడుగున అంటుకొని ఉన్న మట్టి రాలుతుంది. వంగిన ఇనుము తారును గీరుతుంది. ఆ మట్టి, ఆ గీత ఎక్కడ ఉన్నాయో చూస్తే, ఢీకొన్నది రోడ్డుకు ఏ పక్కనో తెలుస్తుంది. బండ్లు చివరకు ఎక్కడ ఆగాయన్నది వేరు సంగతి.

తరువాత టైర్ల గుర్తులు. పొడిగా ఉన్న మంచి తారు రోడ్డు మీద చక్రాలు బిగుసుకొని 5 మీటర్లు ఈడ్చుకుపోయి బండి ఆగిందంటే, బ్రేకు వేసినప్పుడు దాని వేగం సుమారు 30 కిలోమీటర్లు. 20 మీటర్లు ఈడ్చుకుపోతే సుమారు 60. చూశారా? వేగం రెండింతలు, గుర్తు నాలుగింతలు. గ్రావెసాండ్ బంకమట్టి లెక్క ఇక్కడ కూడా వచ్చింది!

ఆ తరువాత దీపాలు. రాత్రి ప్రమాదం జరిగితే "లైటు వేశాను" అని ఒకరు, "వెయ్యలేదు" అని మరొకరు అంటారు. దీపం లోపలి సన్నని తీగ నిజం చెబుతుంది. వెలుగుతున్న తీగ కాగి మెత్తగా ఉంటుంది. దెబ్బ తగిలితే సాగి మెలికలు పడుతుంది. ఆరిపోయి ఉన్న తీగ పెళుసు. అది సాగదు, పుటుక్కున తెగుతుంది. ఇప్పుడు వచ్చే ఎల్.ఇ.డి. దీపాలలో తీగ లేదు కనుక ఈ సాక్ష్యం వాటిలో దొరకదు.

సీటు బెల్టును కూడా చూస్తారు. మనిషి బరువు దాని మీద పడి ఉంటే పట్టీ సాగి, కొక్కెం దగ్గర ఒరుసుకున్న గుర్తు ఉంటుంది. ఒక బండి రంగు మరొక బండికి ఎక్కడ అంటుకున్నదో, బ్రేకులు పనిచేస్తున్నాయో లేదో, టైర్లు అరిగిపోయాయో, ఇవన్నీ చూస్తారు. అన్నీ చూసిన తరువాతనే ఒక మాట చెబుతారు. ముందుగా చెప్పరు.

మరి తప్పెవరిది?

పుంగనూరు అమ్మాయీ, ఇప్పుడు నీ ప్రశ్నకు వస్తున్నాను.

మీ అన్న మాట సరి కాదు. కారు ఎక్కువ నలిగింది గనుక కారుదే తప్పు అనడం, అరటాకు చిరిగింది గనుక అరటాకుదే తప్పు అన్నట్టు ఉంటుంది. ఎవరు తప్పు చేసినా చిరిగేది ఆకే. సొట్ట ఎంత లోతు అన్నది బరువునూ, గట్టితనాన్నీ, వేగాన్నీ చెబుతుంది. తప్పును చెప్పదు.

మీ నాయన మాట కూడా పూర్తిగా సరి కాదు. పెద్ద బండి నడిపేవాడు ఎక్కువ జాగ్రత్తగా ఉండాలన్నది నిజమే. వాడి చేతిలో నూరు ఆవుల బరువున్నది. కాని పెద్దది గనుక ప్రతిసారీ దానిదే తప్పు అనడం న్యాయం కాదు.

మదనపల్లెలో చాలామంది ఇళ్లలో ఇప్పటికీ తలుచుకొని కన్నీరు పెట్టే సంగతి ఒకటి ఉన్నది. 2021 ఫిబ్రవరి 14న తెల్లవారుజామున, మదనపల్లె నుంచి అజ్మీరు దర్గాకు బయలుదేరిన ఒక వాను కర్నూలు జిల్లా వెల్దుర్తి దగ్గర 44వ జాతీయ రహదారి మీద అదుపు తప్పింది. రోడ్డు మధ్యలోని డివైడరును దాటి, అవతలి దారిలో ఎదురుగా వస్తున్న లారీని ఢీకొన్నది. వానులో ఉన్న 18 మందిలో 14 మంది చనిపోయారు. నలుగురు పిల్లలు మిగిలారు. లారీ తన దారిలో తాను వస్తున్నది. అయినా నష్టం ఎవరికి జరిగిందో చూడండి. ముల్లు తన చోటనే ఉన్నా, ఆకు వెళ్లి దాని మీద పడితే చిరిగేది ఆకే.

ఇది మిమ్మల్ని భయపెట్టడానికి చెప్పలేదు. 2022వ సంవత్సరం ఒక్కదానిలోనే మన దేశంలో రోడ్డు ప్రమాదాలలో 1,68,491 మంది చనిపోయారు. లెక్క తెలిసినవారు ఊరకే ఉండకూడదు గనుక చెప్పాను. బరువును మనం మార్చలేము. గట్టితనాన్ని మార్చలేము. మన చేతిలో ఉన్నవి కొన్ని ఉన్నాయి.

ఒకటి, వేగం. 60 నుంచి 30కి తగ్గితే వేగం సగమే తగ్గింది, కాని గతిశక్తి నాలుగో వంతుకు పడిపోయింది. తెల్లవారుజామున కళ్లు మూతపడుతున్నప్పుడు బండి ఆపి ఒక కునుకు తియ్యడం కూడా ఈ లెక్కలోదే.

రెండు, బెల్టు. నడుముకూ, భుజానికీ అడ్డంగా వచ్చే ఇప్పటి బెల్టును 1959లో వోల్వో కంపెనీ ఇంజనీరు నీల్స్ బోలిన్ తయారు చేశాడు. మిగతా కంపెనీలు కూడా వాడుకోవచ్చునని వోల్వో ఒప్పుకున్నది. వెనక సీటులో కూర్చున్నా బెల్టు పెట్టుకోవాలి.

మూడు, ఒడి. ఇది పెద్దలకు చదివి వినిపించండి. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే కారు ముందు భాగం 60 సెంటీమీటర్లు నలిగి ఆగిందనుకోండి. ఆ క్షణంలో ప్రతి వస్తువూ తన బరువుకు దాదాపు 24 రెట్ల బలంతో ముందుకు లాగుతుంది. ఒడిలో ఉన్న 10 కిలోల పసిబిడ్డ 240 కిలోలైనట్టు లాగుతుంది. పుంగనూరు ఆవులలో అన్నింటికన్నా పెద్దదైనా అంత బరువు ఉండదు. అమ్మకు ప్రేమ ఎంత ఉన్నా, చేతులలో అంత బలం ఉండదు. అందుకే 14 ఏళ్ల లోపు పిల్లలకు బెల్టుగాని, పిల్లల సీటుగాని లేకుండా బండి నడిపితే 1,000 రూపాయల జరిమానా అని 2019లో చట్టానికి చేసిన సవరణ చెబుతున్నది. జరిమానా సంగతి అటుంచండి. బిడ్డ సంగతి ముఖ్యం.

నాలుగు, దూరం. లారీ వెనకాలే అంటుకొని పోకూడదు. చీకట్లో రోడ్డు మీద ఆగి ఉన్న లారీ దగ్గరకు వచ్చేదాకా కనపడదు. లారీ గాని, ట్రాక్టరు గాని ఉన్న పెద్దలు వెనక దీపాలూ, మెరిసే పట్టీలూ తుడిచి పెట్టుకోవాలి. ఒక గుడ్డపీలికతో అయిదు నిమిషాల పని.

పుంగనూరు అమ్మాయీ, రేపు బడికి పోయేటప్పుడు మీ అన్నను వెంటబెట్టుకొని ఆ బండ్లను మళ్లీ ఒకసారి దూరం నుంచే చూడు. "తప్పెవరిది?" అని అడగవద్దు. "ఏ ఎత్తున తగిలింది? ఏ వైపు నుంచి తగిలింది? ఎంత లోతు నలిగింది?" అని అడుగు. సొట్టలు ఆ ప్రశ్నలకే జవాబు చెబుతాయి.

ఈ నెల లెక్క: పొడి తారు రోడ్డు మీద గంటకు 30 కిలోమీటర్ల వేగంతో పోయే కారు చక్రాలు బిగిసి 5 మీటర్లు ఈడ్చుకుపోయి ఆగుతుంది. 60 అయితే 20 మీటర్లు. మరి 90 అయితే ఎన్ని మీటర్లు? ఆ కారుకు 40 మీటర్ల ముందు ఒక లారీ ఆగి ఉంటే ఏమవుతుంది? జవాబు వచ్చే సంచికలో. ఆలోగా మీ జవాబులు రాసి పంపండి.